ఉమ్మడి ప్రహరీ: ఖర్చు పెట్టని పొరుగువారికి గోడ మీద హక్కు ఉంటుందా?

అడిగినవారు (గుంటూరు జిల్లా):
మా ఇళ్ల స్థలాలు గ్రామకంఠంలోనివి (ఊళ్లో నివాసాల కోసం ఉన్న భూమి). మూడేళ్ల క్రితం తాటాకు దడి తీయించి, పక్కవారికీ మాకూ నడుమ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కట్టించాను. సగం ఖర్చు భరించమంటే తమకు దడి చాలన్నారు కానీ, పునాదిని హద్దుకు చెరిసగంగా వేసుకోవడానికి నోటిమాటగా ఒప్పుకున్నారు. ఇప్పుడు అదే గోడపై రేకుల షెడ్డు దూలాలు ఆనిస్తామంటున్నారు. నేను ఆపవచ్చా?

మొదటి సమాధానం:
ఆపలేరు. గోడలో సగం వారి నేల మీద ఉన్నప్పుడు అది ఉమ్మడి గోడే అవుతుంది. డబ్బు ఎవరిదన్నది వేరే తగాదా. ఆ తగాదాలోనూ మీకు బలం తక్కువ, ఎందుకంటే పొరుగువారు సగం భరించి తీరాలనే కంచెల చట్టం మన రాష్ట్రాల్లో లేదు.

మెల్‌బోర్న్ నుంచి:
ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో 1968 నాటి కంచెల చట్టం ఉంది. నోటీసు ఇచ్చి 30 రోజుల్లో ఒప్పందం కుదరకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లవచ్చు. అయితే సగం ఇవ్వవలసింది సరిపడే కంచెకు మాత్రమే. అంతకంటే మంచిది కావాలన్నవారే తేడా పెట్టుకోవాలి. కాబట్టి దడి చాలన్న మీ పొరుగువారు ఇక్కడ ఉన్నా, తొమ్మిది అంగుళాల గోడలో సగం ఖర్చు వారి నుంచి రావడం కష్టమే.

రెండో సమాధానం:
మొదటి సమాధానంలో సగమే సరైనది. గోడ ఉమ్మడిదే కావచ్చు గాని, ఉమ్మడి అంటే ఒక్కరి ఇష్టం కాదు. రెండోవారి సమ్మతి లేకుండా ఉమ్మడి గోడ ఎత్తు పెంచకూడదని కోర్టులు చెప్పాయి, దూలాల బరువు మోపడం గురించీ అదే వాదన చేయవచ్చు. ఖర్చు విషయంలో కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పనివల్ల మరొకరు లాభం పొందితే పరిహారం ఇవ్వాలని 1872 కాంట్రాక్టుల చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. దడి చాలన్న మనిషి ఇప్పుడు గోడనే ఆధారం చేసుకోబోవడం మీకు కలిసివచ్చే మాట.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కాగితం లేకపోవడం. ఆనించిన దూలాలు ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా అలాగే ఉంటే, 1882 ఈజ్‌మెంట్ల (ఒకరి ఆస్తిపై మరొకరికి ఉండే వాడకపు హక్కుల) చట్టం 15వ సెక్షన్ కింద అది హక్కుగా మారిందని వాదించవచ్చు. ఒప్పందం మీద పెట్టుకున్నదని రాసి ఉంటే ఆ వాదన నిలవదు. మీ దస్తావేజు చెక్కుబందీలో (నాలుగు దిక్కుల హద్దుల వివరంలో) ఆ దిక్కున "ఉమ్మడి గోడ" అని ఉందా, "పక్కవారి స్థలం" అని మాత్రమే ఉందా చూడండి. పాత దస్తావేజైతే దడి అనే ఉంటుంది, అది మీకూ వారికీ కూడా ఉపయోగపడదు. గ్రామకంఠంలో సాధారణంగా ఇంటింటికీ వేరు సర్వే నంబరు ఉండదు గనుక పొలం గట్టు తగాదాలా ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) చూపి తేల్చలేరు. 2020 ఏప్రిల్ 24న మొదలైన, ఊళ్లలోని ఇళ్ల స్థలాలను డ్రోన్‌తో కొలిచే స్వామిత్వ పథకంలో డ్రోన్ ఎగరకముందు స్థలాల హద్దుల వెంట సున్నపు గీతలు వేస్తారు. మీ ఊళ్లో ఆ కొలత ఇంకా జరగకపోతే ఆ రోజు ఇద్దరూ అక్కడ ఉండండి. గీత గోడ నడుమ కాకుండా ఒక అంచున పడితే గోడ మొత్తం ఒకరి వైపు లెక్కకు వస్తుంది.

అడిగినవారు:
దస్తావేజు తీసి చూశాను, "తాటాకు దడి" అనే ఉంది. షెడ్డు పనికి మేస్త్రీ వచ్చేలోగా ఇద్దరం సంతకాలు పెట్టే కాగితం ఒకటి రాయిద్దామని పక్కింటి పెద్దాయనను అడుగుతాను.