షేర్ చేసిన ఫైలు లింకు ఎన్నాళ్లు బతకాలి?

సర్వర్‌కాపలా: మా టీమ్‌లో ఫైళ్లు పంపే సర్వర్ నేనే చూస్తాను. డౌన్‌లోడ్ లింకులు 7 రోజులకు ఆగిపోవాలని కొందరు, గడువే వద్దని కొందరు. మీరేమంటారు?

పాతకీబోర్డు: 7 రోజులా? మా నాన్నగారి గొంతు రికార్డింగ్ ఒకాయన నాకు లింకుగా పంపారు. అప్పుడు నేను ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాను. పదో రోజు నొక్కితే ‘ఈ లింకు గడువు ముగిసింది’ అని వచ్చింది. పంపినాయన దగ్గరా ఇప్పుడు లేదు.

మూడోకన్ను: గడువు లేని లింకు సంగతి నన్నడగండి. అద్దె ఇంటి కోసం గుర్తింపు కార్డు స్కాన్‌ని ‘లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అని పెట్టి పంపాను. రెండేళ్ల తర్వాత చూస్తే ఇంకా తెరుచుకుంటోంది! ఎన్ని గ్రూపులు తిరిగిందో ఏమో.

పాతకీబోర్డు: ఆపడం మర్చిపోయింది మీరు. శిక్ష మాకా?

చుక్కాని: 14 పెట్టండి, గొడవ వదిలిపోతుంది.

సర్వర్‌కాపలా: మా ఫైళ్లు అమెజాన్ ఎస్3 అనే ఆన్‌లైన్ నిల్వలో ఉన్నాయి. దాని ప్రీసైన్డ్ లింకుకు, అంటే లాగిన్ లేకుండా ఫైలు తెరిచే గడువు లింకుకు, 7 రోజులే గరిష్ఠం.

మూడోకన్ను: మనిషి మర్చిపోతాడనే కదా గడువు. ఫైళ్లు పంపే ఫైర్‌ఫాక్స్ సెండ్ సర్వీసులో మనం ఏమీ మార్చకపోతే ఒక్క డౌన్‌లోడ్ లేదా ఒక్క రోజు, అంతే.

పాతకీబోర్డు: అది 2020లో మూతపడింది కూడా. వైరస్‌ల్లాంటి మాల్వేర్ పంపేవాళ్లు ఎగబడ్డారు. ఇట్టే మాయమయ్యే లింకు దొంగలకే బాగా పనికొచ్చింది.

మూడోకన్ను: మూసింది గడువు వల్ల కాదు మహాప్రభో. అయినా పది రోజుల్లో ఒక్కసారి నొక్కే తీరిక దొరకలేదా మీకు?

పాతకీబోర్డు: ఆస్పత్రి అని రాశాను. చదివి మాట్లాడండి.

గోడమీదపిల్లి: పాప్‌కార్న్ తెచ్చుకున్నాను.

మూడోకన్ను: క్షమించండి, ఆ మాట అనకూడదు. ఒకటి చెప్పండి. నేను పంపిన ఫైలు ఎప్పటికీ నాదే అంటాను. అందిన క్షణం నుంచి మీది అంటారు మీరు. మన తగువు ఇదే కదా?

పాతకీబోర్డు: ఇదే. 7 అయినా 70 అయినా నాకొకటే. నాకిచ్చినదాన్ని నాకు చెప్పకుండా తీసేయకూడదు.

మూడోకన్ను: మరి నా కార్డు?

పాతకీబోర్డు: ...అది వేరు.

మూడోకన్ను: ఎలా వేరు?

సర్వర్‌కాపలా: లింకు ఆగడం, ఫైలు చెరిగిపోవడం రెండూ ఒకటి కాదు కదా. లింకు 7 రోజులకు ఆపుతాను. ఫైలు 30 రోజులు ఉంచుతాను. ఆలోపు పంపినవాళ్లు ఒప్పుకుంటే కొత్త లింకు వస్తుంది. డౌన్‌లోడ్ చేసుకోని వాళ్లకు ఐదో రోజు మెయిల్ వెళ్తుంది.

పాతకీబోర్డు: 30 కాదు, 60.