ప్రెజర్ ఒక్కసారిగా తగ్గితే ద్రవం ఎంత వేగంగా ఆవిరవుతుంది?

ప్రశ్న:
ప్రొపేన్ లాంటివి సిలిండర్‌లో ప్రెజర్ వల్లే ద్రవంగా ఉంటాయి కదా. ఆ ద్రవాన్నే నేరుగా గాలిలోకి వదిలితే అంతా క్షణంలో ఆవిరైపోతుందా? మిల్లీసెకన్లలో అయిపోతుందని కొందరు, మడుగు కట్టి చాలాసేపు ఉంటుందని కొందరు అంటున్నారు, ఏది నమ్మాలి?

జవాబు 1:
రెండూ నిజమే, రెండు వేర్వేరు దశలవి. మామూలు వాతావరణ పీడనంలో ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 25 డిగ్రీల ద్రవం బయటికి రాగానే ఆ 67 డిగ్రీల తేడాకి సరిపడా వేడి దానిలోనే అదనంగా ఉంటుంది కాబట్టి బయటి వేడి కోసం ఆగక్కర్లేదు, అందుకే అంత వేగం. కానీ ఆ వేడి మొత్తానికి చాలదు. విశిష్టోష్ణాన్ని (కిలో ద్రవం ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడి) ఉష్ణోగ్రత తేడాతో గుణించి గుప్తోష్ణంతో (కిలో ద్రవం ఆవిరవడానికి పట్టే వేడి) భాగించండి: 2.5 × 67 ÷ 425, అంటే దాదాపు 0.4, అంటే 40 శాతమే క్షణంలో ఆవిరవుతుంది. మిగతా 60 శాతం మైనస్ 42కి చల్లబడిపోయి, ఇక గాలి నుంచో నేల నుంచో వేడి అందినంత మేరకే మరుగుతుంది.

జవాబు 2:
లెక్క సరే, కానీ ఆ 60 శాతం అంతా నేల మీద పడుతుందనుకోవద్దు. లోపల పుట్టే ఆవిరి ద్రవాన్ని చీల్చి సన్నటి తుంపర చేసేస్తుంది. ఆ తుంపరలో చాలా భాగం గాలిలోనే తేలుతూ ఆరిపోతుంది, మడుగు అసలు కట్టకపోవచ్చు కూడా. లీకేజీ ప్రమాదం అంచనా వేసేటప్పుడు 40 శాతమే గ్యాస్ మబ్బులోకి వెళ్తుందని రాసుకుంటే చాలా తక్కువ రాసినట్టే, దయచేసి అలా చెయ్యకండి.

ఇంకోటి, బుడగలు పుట్టి పెరగడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. పలుచటి గోడలో చిన్న రంధ్రమైతే ద్రవం ద్రవంగానే దాటేసి బయట పేలినట్టు విచ్చుకుంటుంది. అదే 10 సెంటీమీటర్ల కంటే పొడవైన పైపైతే లోపలే ఆవిరి మొదలై దారి ఇరుకవుతుంది, బయటికొచ్చే సరుకు బాగా తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు అర్థమైంది, థ్యాంక్సండీ. నీళ్లకీ, కార్బన్ డయాక్సైడ్‌కీ ఇదే లెక్కేనా?

జవాబు 1:
నీళ్లకి ఇదే. 180 డిగ్రీల బాయిలర్ నీళ్లని వదిలితే 15 శాతమే ఆవిరవుతుంది, కాకపోతే ఆ ఆవిరి నీటికంటే దాదాపు 1,700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది, పేలుడు బలమంతా అక్కడే. కార్బన్ డయాక్సైడ్ వేరు. సుమారు 5.2 బార్ కంటే తక్కువలో అది ద్రవంగా ఉండలేదు, కొంత గ్యాసై మిగతాది మైనస్ 78 డిగ్రీల పొడి మంచుగా గడ్డకడుతుంది. వెంట్ పైపు (గ్యాస్‌ని బయటికి వదిలే పైపు) డిజైన్ చేస్తుంటే ఆ మంచు పైపుని మూసెయ్యకుండా చూసుకోండి.