మైలేజీయా, భద్రతా: తొమ్మిది లక్షల్లో దేన్ని వదులుకోవాలి?

సూర్యాపేట మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. బడికి రానూపోనూ రోజుకు 30 కిలోమీటర్లు, అమ్మను ఆసుపత్రిలో చూపించడానికి నెలకు రెండుసార్లు 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు ప్రయాణం, అంతా కలిపి ఏడాదికి 13,000 కిలోమీటర్లు తిరుగుతాను. పన్నెండేళ్లుగా మమ్మల్ని మోసిన పాత కారు ఇక మార్చక తప్పదు. రిజిస్ట్రేషను, బీమా అన్నీ కలుపుకొని తొమ్మిది లక్షలు దాటలేను. లీటరుకు 24 ఇచ్చే కారు తీసుకోమని మా బావమరిది అంటున్నాడు. భద్రతా పరీక్షలో ఐదు నక్షత్రాలు రాని కారును గేటులోకి రానివ్వనని ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి పట్టుబట్టింది. షోరూములో అడిగితే, "సార్, రెండూ ఒకచోట దొరకవు, బరువుంటే భద్రత, తేలికైతే మైలేజీ" అని సేల్స్ కుర్రవాడు తేల్చేశాడు. ఈ మాట ఎంతవరకు నిజం? నిజమే అయితే మనలాంటి జీతగాళ్లు దేన్ని వదులుకోవాలి?

స్టీరింగ్ బాబాయ్, వరంగల్:

మాస్టారూ, నేను రెండు టాక్సీలు తిప్పుతున్నాను కనుక ముందు డబ్బు లెక్క చెబుతాను. కాగితం మీద ఎంత రాసినా, తేలిక కారు మీ దారిలో 22 ఇస్తుందనుకోండి, బరువైన కారు 17 ఇస్తుందనుకోండి. 13,000 కిలోమీటర్లకు మొదటిది 591 లీటర్లు, రెండోది 765 లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయల చొప్పున ఏడాదికి 18,600 రూపాయల తేడా, అయిదేళ్లకు 93,000. మీ అమ్మగారి మందుల ఖర్చు పక్కన పెట్టి చూస్తే అది చిన్న మొత్తమేమీ కాదు. దీనికితోడు ఇప్పుడు పంపుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉండేదానికి మూడింట రెండు వంతులే కాబట్టి, ఏ కారు కొన్నా నాలుగైదు శాతమైనా తగ్గుతుందని అనుకుని లెక్క వేసుకోండి.

నా దృష్టిలో నాణ్యత అనేది మూడో వానాకాలంలో తెలుస్తుంది. మంచి పేరున్న ఒక కంపెనీ కారు తీసుకుంటే, డ్యాష్‌బోర్డు తెర నల్లబడిపోయి, కిటికీ స్విచ్ పనిచేయక, సర్వీసు సెంటరులో 19 రోజులు నిలబడింది. పంతొమ్మిది రోజుల కిరాయి పోయింది. దానికి నక్షత్రాలు బాగానే ఉన్నాయి. ఇక ఆ నక్షత్రాల పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఒక దిమ్మెకు గుద్దించి చూసేది. రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు మీద నిలిపిన లారీ కింద దూరిన కారును నేను కళ్లారా చూశాను. అక్కడ ఏ నక్షత్రం ఆదుకుంది?

ఆటోనగర్ టింకరింగ్, విజయవాడ:

బాబాయ్ గారి డబ్బు లెక్కతో నాకు పేచీ లేదు. నాణ్యత అనే మాటను మాత్రం ఇంకొంచెం లోపలికి వెళ్లి చూడాలని నా మనవి. ఇరవై రెండేళ్లుగా దెబ్బతిన్న కార్లకు టింకరింగ్ చేస్తున్నాను.

కారు చూడటానికి వెళ్లినవారిలో ఎక్కువమంది తలుపు వేసి ఆ చప్పుడు వింటారు, బానెట్ మీద బొటనవేలితో నొక్కి రేకు లోపలికి పోతే "డొక్కు రేకు" అంటారు. పైన కనిపించే ఆ రేకు దాదాపు ఏ కారుకైనా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తలుపు చప్పుడు బరువుగా రావడానికి లోపల అంటించిన ప్యాడ్లు, చుట్టూ ఉన్న రబ్బరు బీడింగులు చాలు. మనిషిని కాపాడేది పైన కనిపించదు. అద్దానికి రెండు వైపులా పైకి లేచే స్తంభాలు, తలుపుల కింద పొడవునా పోయే సిల్లు, కాళ్లు పెట్టుకునే చోట ఉండే ఫ్లోరు, ఇవన్నీ కలిసి ఒక పంజరంలా నిలవాలి. దాని ముందున్న భాగం మాత్రం నలగాలి. అది నలుగుతూ దెబ్బను మింగితేనే పంజరం దాకా దెబ్బ రాదు.

ఒకే వారంలో నా షెడ్డుకు వచ్చిన రెండు కార్ల గురించి చెబుతాను. మొదటి దానికి ముందు భాగమంటూ మిగలలేదు. బానెట్ మడతలు పడి అద్దం దాకా వచ్చింది, రేడియేటరు ఇంజిను మీద పరుచుకుంది. కానీ డ్రైవరు వైపు తలుపును నేను ఒక్క చేత్తో తీశాను. నడిపిన మనిషి మరునాడు తనే షెడ్డుకు వచ్చి, "ఇంత నుజ్జయింది, ఇదేం రేకు డబ్బా అండీ" అని కోప్పడ్డాడు. రెండో కారు చూడటానికి అంత చెడిపోలేదు, ఒక హెడ్‌లైటు కూడా బాగానే ఉంది. అయితే దాని అద్దం స్తంభం జానెడు వెనక్కి వంగిపోయింది, తలుపు కోస్తే తప్ప రాలేదు, ఫ్లోరు పైకి లేచి బ్రేకు పెడల్ సీటు వైపుకు తిరిగి ఉంది. ఆ కారు నడిపిన ఆయన రెండు కాళ్లకూ రాడ్లు వేశారు. ఆ రెండు కార్ల బరువులో పెద్ద తేడా లేదు, ధరలోనూ లేదు.

ఒక్క విషయం అందరూ గుర్తుంచుకోవాలి. ఇప్పటి కార్ల స్తంభాలలో చాలావరకు వేడి మీద అచ్చు వేసి గట్టిపరచిన ఉక్కు వాడుతున్నారు. వంగితే దాన్ని గ్యాసు మంటతో కాల్చి లాగకూడదు, అలా చేస్తే దాని గట్టితనం పోతుంది. కోసి కొత్తది వేయాలి. పాత అలవాటు కొద్దీ కాల్చి లాగి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఇచ్చేవారు మా వాళ్లలోనే ఉన్నారు. పాత కారు కొనేవారు ఈ సంగతి తప్పకుండా విచారించాలి.

పుణె తెలుగువాడు:

నేను పుణెలో వాహన పరీక్షల రంగంలో పనిచేస్తున్నాను. టింకరింగ్ గారు షెడ్డులో చూసినదాన్నే మేము పరీక్షశాలలో చూస్తాం. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, కారు ముందు వెడల్పులో 40 శాతం మాత్రమే తగిలేలా, ఎదుటి కారులా నలిగే అల్యూమినియం దిమ్మెకు గుద్దిస్తారు. లోపల కూర్చోబెట్టిన మనిషి బొమ్మలకు తగిలిన దెబ్బలతోపాటు, పంజరం ఇంకా కొంత భారం ఆపగలదా లేదా అన్నది కూడా, కార్లకు ఈ నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ నివేదికలో రాస్తారు. నక్షత్రాలు లెక్కపెట్టే ముందు ఆ వాక్యం చదవండి. చట్టప్రకారం అమ్మకానికి కావలసిన పరీక్ష వేగం 56 కిలోమీటర్లే. 2023 అక్టోబరు 1 నుంచి మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ కూడా 64తోనే పరీక్షిస్తుంది, కాని అందులో చేరడం కంపెనీల ఇష్టం.

మాస్టారు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. సేల్స్ కుర్రవాడు చెప్పింది పదేళ్ల కిందట చాలామంది నమ్మిన మాట. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశంలో అమ్ముతున్న అయిదు చిన్న కార్లను తొలిసారి పరీక్షిస్తే, ఎయిర్‌బ్యాగులు లేని చౌక (బేస్) వేరియంట్లలో అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. వాటిలో ఒకటైన ఫోక్స్‌వాగన్ పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దిస్తే నాలుగు వచ్చాయి. దాని పంజరం మొదటే గట్టిది కాబట్టి బ్యాగులు ఉపయోగపడ్డాయి, పంజరమే కూలిపోయే కారుకు అవి అంత మేలు చేయలేవు. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాక, "బరువుంటేనే భద్రత" అన్న అభిప్రాయం స్థిరపడింది. నెక్సాన్ నిజంగా బరువైన బండే.

కాని 2024 నవంబరులో కొత్త మారుతి డిజైర్ ఫలితం వచ్చింది. బరువు టన్నుకు లోపే, మాన్యువల్ గేరు వేరియంటుకు ప్రకటించిన మైలేజీ లీటరుకు 24.79 కిలోమీటర్లు, పెద్దల భద్రతలో 34కు 31.24 మార్కులు, అయిదు నక్షత్రాలు. అంతకు రెండేళ్ల ముందు, 2022లో, అదే కంపెనీ స్విఫ్ట్‌కు ఒక్క నక్షత్రమే వచ్చింది. రెండూ తేలిక కార్లే, రెండూ మైలేజీ కార్లే. మారినదల్లా ఉక్కును ఎక్కడ ఎంత గట్టిది వాడాలన్న నిర్ణయం, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకూ ఇవ్వాలన్న నిర్ణయం. "రెండూ దొరకవు" అన్న మాట భౌతికశాస్త్రం చెప్పింది కాదు. అది అడిగేవారు లేనంతకాలం చెలామణి అయిన వ్యాపార నిర్ణయం. ఈ మాట నేను బాధతోనే రాస్తున్నాను, ఎందుకంటే ఆ పదేళ్లలో అమ్ముడైన కార్లు ఇంకా రోడ్ల మీదే తిరుగుతున్నాయి.

మైలేజీ అంకె గురించి కూడా ఒక మాట. అది రోడ్డు మీద కొలిచింది కాదు. రోలర్ల మీద, ఏసీ ఆపి, 90 కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపి కొలిచింది. కార్లను పోల్చుకోవడానికి పనికొస్తుంది కాని, పెట్రోలు ఖర్చు అంచనాకు పనికిరాదు. బరువు మైలేజీని ఎక్కువగా తినేది ఆగుతూ కదిలే ఊరి ట్రాఫిక్‌లో. రహదారి మీద గాలి నిరోధం, మీ కుడికాలు, టైర్లలో గాలి ఎక్కువ ప్రభావం చూపుతాయి.

రెండు చక్రాల సంసారం, అనకాపల్లి:

పుణె మిత్రులు చెప్పినవన్నీ కారు కొనగలిగినవారి మాటలు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. నేనూ, నా భార్యా, ఇద్దరు పిల్లలూ ఒకే బైకు మీద అత్తగారి ఊరికి వెళ్లే కుటుంబం మాది. ఒక్క నక్షత్రం కారైనా ఆ బైకు కంటే మాకు నాలుగు రెట్లు నయం. నియమం పెరిగిన ప్రతిసారీ చిన్న కారు ధర పెరిగి మాకు ఇంకొక ఏడాది దూరమవుతోంది. మారుతి ఛైర్మన్ ఆర్.సి. భార్గవ ఈ వాదన చాలాసార్లు వినిపించారు. ఆయనది వ్యాపారి మాట కావచ్చు, అయినా మా ఇంటి లెక్కకు అది సరిపోతోంది. అందరికీ ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022లో ముసాయిదా తెచ్చి, 2023లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది కదా? మాలాంటివారిని బైకు మీదే ఉంచి కారువారికి ఇంకో నక్షత్రం ఇస్తే, దాన్ని భద్రత అనవచ్చా?

పుణె తెలుగువాడు:

మీరు చెప్పినదానిలో సగం నేను ఒప్పుకుంటాను, ఆ సగం చిన్నదేమీ కాదు. పిల్లలతో బైకు మీద వెళ్లే కుటుంబానికి నాలుగు గోడలున్న ఏ బండైనా మేలే. కాని ధర తగ్గించడానికి పంజరమే పలుచన కావాలా? 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 29 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఒక్క ఉక్కు ముక్క తీయకుండానే వేల రూపాయలు తగ్గాయి. గట్టి పంజరానికి డిజైను దశలో పెట్టే ఖర్చు లక్షల కార్లకు పంచుకుంటే ఒక్కొక్కదానికి పడేది కొద్ది. మీకు చౌకగా అందవలసింది మంచి కారే, తక్కువ రకం కారు కాదు.

బాబాయ్ గారి లారీ ప్రశ్నకు నా దగ్గర ఊరటనిచ్చే జవాబు లేదు. లారీ వెనుక గార్డు సరిగా లేకపోతే కారు బంపరుకు ఏమీ తగలదు, దెబ్బ నేరుగా అద్దానికి తగులుతుంది. అక్కడ ఏ నక్షత్రమూ పనిచేయదు. వేగం ఒక్కటే మన చేతిలో ఉంది. మాస్టారికి తెలిసిన లెక్కే, వేగం 64 నుంచి 100కు పెరిగితే గుద్దుడు శక్తి 2.44 రెట్లవుతుంది.

ఆటోనగర్ టింకరింగ్, విజయవాడ:

ఇంకొకటి మరిచాను. కారు కొన్న మర్నాడే ముందు ఇనుప గార్డు, ఒంటికి అతుక్కునే సీటు కవర్లు వేయించుకుంటారు. గార్డు దెబ్బను నేరుగా చాసిస్‌కు పంపుతుంది, ఎయిర్‌బ్యాగు సెన్సరు లెక్క తప్పుతుంది. 2017 డిసెంబరులోనే వాటిని నిషేధించారు. పక్క ఎయిర్‌బ్యాగు సీటు అంచులోంచి వచ్చే కార్లకు మామూలు కవరు వేస్తే, కుట్లు విడవక బ్యాగు బయటికి రాదు. వెనుక సీటు సంగతి చెప్పనే అక్కర్లేదు. నా షెడ్డుకు వచ్చే కార్లలో వెనుక బెల్టు బకిల్ కనబడేవి చాలా తక్కువ. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గారు ఎంత ఖరీదైన కారులో వెళ్తూ చనిపోయారో అందరికీ తెలుసు. వెనుక కూర్చున్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

స్టీరింగ్ బాబాయ్, వరంగల్:

టింకరింగ్ గారి మాట విన్నాక నా రెండు బండ్లూ చూసుకున్నాను. ఒకదానిలో వెనుక మూడు బకిళ్లూ కవరు కిందే ఉన్నాయి. మైలేజీ మీద నా అభిప్రాయం మారలేదు, కాని తేలిక కారుకే అయిదు నక్షత్రాలు వస్తుంటే ఇక నా అభ్యంతరం సర్వీసు సెంటరు గురించి మాత్రమే. మాస్టారూ, మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీసు ఎలా ఉందో, అదే కారు మూడేళ్లు నడిపినవారిని ఇద్దరిని అడగండి.

సూర్యాపేట మాస్టారు:

అందరికీ కృతజ్ఞతలు. బాబాయ్ గారు చెప్పినట్టే ఇద్దరిని అడిగాను, నివేదికలో పంజరం గురించి రాసిన వాక్యాన్ని మా అమ్మాయి చదివి వినిపించింది. తేలికదే, అయిదు నక్షత్రాలున్న సెడాన్‌కు డబ్బు కట్టాను. ఏడాదికి 18,600 మిగులుతుందని బావమరిదికీ సంతోషమే. అనకాపల్లి మిత్రుని ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆయన రాసింది రెండుసార్లు చదివాను.

కొత్త బండి చేతికి రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. ఈలోగా ఆదివారం పాత కారు వెనుక సీటు కవరును బ్లేడుతో కోసి చూస్తే, పన్నెండేళ్లుగా ఒక్కసారీ వాడని బకిల్ ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. సంచి తీసి, తుడిచి, అమ్మకు బెల్టు పెట్టాను. టక్కుమన్న చప్పుడు విని, "పడిందా?" అని అడిగి, కొంగు సర్దుకుని కూర్చుంది. హైదరాబాదు దాకా మళ్లీ తీయలేదు.