మిర్చి ధర పడితే వచ్చే కోపానికి నాన్న బాధ్యుడా?

నల్లరేగడి:
మాది గుంటూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు నాన్న మిర్చి అమ్మే యార్డు నుంచి రాగానే చెప్పులు విడిచిన తీరు చూసి నేనూ చెల్లెలూ ఆ రోజు ధర చెప్పేవాళ్లం. రెండూ పక్కపక్కన ఉంటే సరుకు బాగా పోయినట్టు. ఒకటి అరుగు మీద, ఇంకొకటి వాకిట్లో బోర్లా పడి ఉంటే గబగబా నాలుగు ముద్దలు తిని పడుకోవడమే. ఇప్పటికీ అంతే. 2023లో క్వింటా 20 వేలు దాటిన రోజుల్లో మనవడితో ఫోనులో అరగంట కబుర్లు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలు ప్రకటించిన వారం అమ్మ వడ్డించిన కంచం తోసేశాడు. మనిషి ఒకడే, మారింది ధర. మరి తప్పు మనిషిది ఎలా అవుతుంది?

లెక్కలమాస్టారు:
11,781 మద్దతు ధర కాదు. మార్కెట్ జోక్య పథకం కింద పెట్టిన ధర.

నల్లరేగడి:
మద్దతు ధర అని నేనెక్కడ అన్నాను?

వేపచెట్టు:
నల్లరేగడి గారూ, ఒక్క ప్రశ్న. వేసవిలో మిర్చి యార్డుకు సెలవులు ఇస్తారు కదా. వేలం లేదు, ధర లేదు. ఆ రోజుల్లో మీ నాన్నగారు ఎలా ఉండేవారు? మా నాన్న తాపీమేస్త్రీ. పని లేని వారం మాకు దెబ్బలు పడేవి, పని ఉన్న వారమూ పడేవి. కూలి డబ్బు ఎగ్గొట్టిన ఆసామి ముందు మాత్రం తువ్వాలు చంకలో పెట్టుకుని "తమ దయ" అనేవాడు. పరిస్థితి వల్లే వచ్చిన కోపమైతే ముందు ఆ ఆసామికి తగలాలి కదా?

నల్లరేగడి:
సెలవులంటే సుఖమనుకుంటున్నారా? సరుకు ఏసీలో ఉంటుంది, అద్దె పడుతుంది, అప్పుకు వడ్డీ నడుస్తుంది. 2021లో నల్ల తామర పురుగు పూతంతా తినేస్తే మందులు కొట్టీ కొట్టీ చివరికి చేను దున్నించేశాడు. యార్డులో సరుకు అమ్మిపెట్టే కొట్టు యజమాని మీద కేకలేస్తే పై ఏడు పెట్టుబడికి అప్పు ఎవరిస్తారు? అక్కడ మింగింది ఇంట్లో కక్కుతాడు. ఎక్కడో ఒకచోట కక్కాలి కదా.

చిరుగాలి:
మిరపకాయలకు ఏసీ ఏమిటండీ?

లెక్కలమాస్టారు:
శీతల గిడ్డంగి. అక్కడ అందరూ ఏసీ అనే అంటారు.

వేపచెట్టు:
నేను అడిగింది అద్దె సంగతి కాదు. సెలవుల్లో కేకలు ఉండేవా, లేవా? మీ అమ్మగారు కూడా అదే కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరి ఉంటారు. ఆమె చేతులూ మండే ఉంటాయి. ఆమె ఎవరి మీద కక్కారు?

పాతస్కూటరు:
అమ్మలు తక్కువేమీ కాదు. మంచినీళ్లు రాని రోజు మా అమ్మ ముందుకు వెళ్లాలంటే మా నాన్నకే భయం.

నల్లరేగడి:
మేస్త్రీకి సాయంత్రానికల్లా కూలి చేతికొస్తుంది. రైతుకు ఏడాదికి ఒక్కసారి. ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి.

వేపచెట్టు:
చేతికొస్తుందా? ఎగ్గొట్టాడని రాశాను, చదివారా? మీ నాన్న కష్టం కష్టం, మా నాన్నది కూలి! సరే, ఆయన నిర్దోషి అని మేమందరం రాసిచ్చామనుకోండి. ఆ కాగితం ఎవరికి చూపిస్తారు?

నల్లరేగడి:
చెల్లెలికి. ఆరేళ్లుగా గడప తొక్కలేదు. ఇంటర్లో ఉన్నప్పుడు, బకాయి ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ ఇవ్వరని నాన్నను అడిగింది. పుస్తకాల సంచీ తీసి కల్లంలో ఆరబోసిన కాయల మీదకు విసిరాడు. ఏరుకోవడానికి వెళ్లి, ఆ చేతులతోనే కళ్లు తుడుచుకుంది. ఆ రోజు యార్డులో మంచి కాయలను తాలు కింద కట్టి పంపారు. అది దానికి తెలియదు. తెలిస్తే వస్తుందని.

వేపచెట్టు:
చెప్పులు చూసి ధర చెప్పింది మీ ఇద్దరూనని మీరే రాశారు. ఆ సాయంత్రం ఆమె చెప్పులు చూసే ఉంటుందండీ. హాల్‌టికెట్ ఆగిపోతుందని తప్పక అడిగి ఉంటుంది. ఆ తరవాత ఆయన ఎప్పుడైనా ఆ సంచీ మాట ఎత్తారా?

నల్లరేగడి:
లేదు.

నల్లరేగడి:
మీరు అడిగిన సెలవుల సంగతి. అప్పుడు తిట్టేవాడు కాదు. సాయంత్రం వాకిట్లో మంచం వేసుకుని, పచ్చి మామిడికాయ కోసి, ఉప్పూ కారం అద్ది మొదటి ముక్క చెల్లెలికే పెట్టేవాడు. అది కూడా దానికి గుర్తుండాలి కదా.

పాతస్కూటరు:
ఏసీ అద్దె ఇప్పుడు టిక్కీకి, అదే మిర్చి బస్తాకి, ఎంత పడుతోందండీ? మా మామయ్యవి నలభై ఉన్నాయి.