పాత గోదాంలో బ్యాడ్మింటన్ కోర్టు: ప్లైవుడ్ కింద చెమ్మ, మ్యాట్ వేయొచ్చా?

షెడ్డు షటిల్ (మిర్యాలగూడ):
నమస్తే అన్నలూ. మిర్యాలగూడ బయట ఉన్న మా పాత వడ్ల గోదాంను రెండు బ్యాడ్మింటన్ కోర్టులుగా మారుస్తున్నాం. పాత సిమెంటు గచ్చు మీద రబ్బరు ముక్కలు, వాటి మీద కర్ర రీపర్లు, ఆపైన 12 ఎంఎం ప్లైవుడ్ రెండు వరసలు. ఇక పీవీసీ మ్యాట్ ఒక్కటే మిగిలింది. మే నెలలో చెక్కపని అయినప్పుడు అంతా సమంగా ఉంది. ఇప్పుడు వెనక గోడ పక్కన షీట్ల అంచులు లేచి కాలికి తగులుతున్నాయి. షట్టర్ తీయగానే ముక్కిపోయిన వాసన. కర్రలో తేమ శాతం చూపే పిన్నుల మీటరు తెప్పించి చూస్తే ముందు వైపు 13, 14, వెనక గోడ దగ్గర 21, 22 చూపిస్తోంది.

వెనక గోడ అవతల మడి. కాలువ నీళ్లు వచ్చాయి, నాట్లు కూడా పడ్డాయి. మ్యాట్ అమ్మినాయన "ప్లై మీద పాలిథిన్ పరిచి పైన వేసెయ్యండి, చెమ్మ పైకి రాదు" అంటున్నాడు. దసరా సెలవుల్లో పిల్లలకు కోచింగ్ అని ఊరంతా చెప్పేశాం, అదొక టెన్షన్. వేసెయ్యమంటారా? ఫ్యాన్లు పెట్టి ఆరబెడితే చాలా?

పాలమూరు స్మాష్ (మహబూబ్‌నగర్):
మాదీ రీపర్ల మీద ప్లైవుడ్డే అన్నా. పాలిథిన్ గీలిథిన్ ఏమీ వేయలేదు, ఏ ఇబ్బందీ లేదు. ఎక్కువ ఆలోచించకండి, వేసెయ్యండి.

రంపంపొట్టు (నల్లగొండ):
పాలమూరు తమ్ముడి హాలు ఎక్కడుందో గానీ, నీది సాగర్ ఎడమ కాలువ కింద మడి పక్కన ఉంది. రెంటికీ పోలిక పెట్టకు.

మ్యాట్ ఆపు. చెమ్మ కింది నుంచి వస్తుంటే పైన మూత పెడితే ఏం లాభం? ఇప్పుడు ప్లై పైమొహం నుంచైనా కాస్త ఆరుతోంది. పాలిథిన్, పీవీసీ పడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. కర్రలో తేమ 20 శాతం దాటి అక్కడే నిలిస్తే కుళ్లు మొదలవుతుంది. చెదల సంగతి చెప్పక్కర్లేదు, తడి కర్ర వాటికి విందు భోజనం.

నీ రీడింగుల్లోనే జవాబుంది. వానాకాలం గాలి వల్లే అయితే హాలంతా దాదాపు ఒకటే అంకె రావాలి. గాలిలో తేమ 80 శాతం దగ్గర నిలిచినా కర్ర 16 దగ్గర ఆగుతుంది. వెనక గోడ పక్కనే 22 వచ్చిందంటే నీళ్లు నేలలోంచి ఎక్కుతున్నాయి. పాత గోదాముల్లో గచ్చు కింద ప్లాస్టిక్ పరిచేవాళ్లు తక్కువ. వడ్ల బస్తాలను చెక్కల మీద పేర్చేది ఎందుకనుకున్నావ్? ఫ్యాన్లు పెడితే పైపైన ఆరుతుంది, మడిలో నీళ్లున్నన్నాళ్లు గచ్చు మళ్లీ పీల్చుకుంటుంది.

మీటరును గుడ్డిగా నమ్మకు. చాలావరకు డగ్లస్ ఫర్ అనే కర్రకు సరిచేసి అమ్ముతారు, ప్లైలోని జిగురు కూడా అంకెను తప్పిస్తుంది. ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా తెలుసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. అసలు లెక్క కావాలంటే కింది రీపరు నుంచి అగ్గిపెట్టెంత ముక్క కోసి, వెంటనే కవర్లో చుట్టి, తెలిసిన బంగారు షాపులో తూకం వేయించు. తర్వాత ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గదు అనేదాకా ఆరబెట్టి మళ్లీ తూకం వేయించు. 12 గ్రాములది 10కి దిగితే తేమ 20 శాతం. పోయిన నీటి బరువును ఎండిన బరువుతో భాగించాలి, తడి బరువుతో కాదు. మా వర్క్‌షాపులో కుర్రాళ్లు ఎప్పుడూ ఇక్కడే తప్పుతారు.

వెనక వరస షీట్లు విప్పి రీపర్లను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మెత్తగా దిగితే ఆ రీపరు తీసేయాల్సిందే. గచ్చు మీద అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు వేసి కనీసం 16 గంటలు వదిలెయ్. ఏం కనబడిందో రాయి.

షెడ్డు షటిల్:
విప్పాను అన్నా. పాలిథిన్ అడుగున నీటి చుక్కలు, దాని కింద గచ్చు నల్లబడింది. గోడ పక్క రీపరు మెత్తబడింది, మిగతావి గట్టిగానే ఉన్నాయి. కాంట్రాక్టర్ వాటర్‌ప్రూఫ్ అన్న ప్లై మీద ఐఎస్ 303 ఎంఆర్ అని ముద్ర ఉంది! ఐఎస్ 710 వేస్తే సరిపోతుందా?

కాలువగట్టు (హాలియా):
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ముందు గోడ బయట సంగతి చూడండి. గోడకూ మడి గట్టుకూ మధ్య చోటుంటే పునాదికి దెబ్బ తగలకుండా, లోపలి గచ్చు మట్టం కంటే కిందికి కాలువ తవ్వించి, కంకర నింపి, వాలు పెట్టి మురుగులోకి కలపండి. మడి రైతుతో ముందే మాట్లాడుకోండి, గట్టు తెగితే గొడవ అవుతుంది.

రంపంపొట్టు:
సారు చెప్పింది మొదటి పని. కాలువ లేకుండా లోపల ఏం చేసినా డబ్బులు దండగ.

ఎంఆర్ అంటే తేమను కొంతవరకే తట్టుకునే రకం. 710 మెరైన్ ప్లై, దాని జిగురు మరిగే నీళ్లలో కూడా విడదు. కానీ గట్టిదనం జిగురుది, లోపలి కర్ర నీళ్లు తాగుతూనే ఉంటుంది. పొరలు విడిన షీట్లు ఎంత ఆరినా పనికిరావు, వాటి బదులు 710 వెయ్యి. వెనక వైపు మంచివి విప్పి, మధ్యలో చెక్కలు పెట్టి నీడలో పేర్చు.

కోతలై మడి ఆరాక, గచ్చు మీద మళ్లీ అదే పరీక్ష చేసి, 250 మైక్రాన్ల పాలిథిన్ పరువు. జాయింట్ల దగ్గర జానెడు ఒకదాని మీద ఒకటి ఎక్కించి టేపు వెయ్యి, గోడ వెంట రీపర్ల ఎత్తు దాకా పైకి మడువు. పాలిథిన్ స్థానం అది, ప్లై మీద కాదు. షీటుకూ షీటుకూ 3 ఎంఎం, చుట్టూ గోడకు 20 ఎంఎం ఖాళీ వదులు. మే ఎండల్లో కర్ర బాగా ఎండి ఉంటుంది, అప్పుడు అంచుకు అంచు బిగించి కొడితే వానాకాలంలో లేవక ఏం చేస్తుంది? గోడ అడుగున కొట్టే స్కర్టింగ్ పట్టీకి అక్కడక్కడా గాలి ఆడే జాలీ పెట్టు. హాలంతా 12, 13 దగ్గర నిలిచాకే మ్యాట్ వాళ్లను పిలువు.

దసరా కోచింగ్ మానుకోనక్కర్లేదు. ముందు వైపు కోర్టులో లేచిన అంచులు, పైకి తేలిన స్క్రూ తలలు ఏమీ లేకుండా చూసుకుని, పిల్లలతో ప్లై మీదే ఫుట్‌వర్క్, సర్వీసు చేయించు. వెనక వైపు ఎవరూ పోకుండా నెట్ అడ్డం కట్టు, అక్కడ షీట్లు విప్పి ఉంటాయి కదా.