కంపోస్టులో దొరికిన వేడి బ్యాక్టీరియా: 16ఎస్ తర్వాత ఏం చేయాలి?

కావలి దగ్గర వరిగడ్డి, పేడ కలిపి వేసిన కంపోస్టు కుప్ప నడిమి నుంచి (అక్కడ వేడి 66 డిగ్రీలు) ఒక బ్యాక్టీరియాను వేరు చేశాను. న్యూట్రియంట్ అగర్ మీద 60 డిగ్రీల్లో తెల్లారేసరికి పెరిగిపోతుంది. 37లో లేదు, 72లోనూ లేదు. ప్లేట్లు ఎండిపోకుండా తడి దూది పెట్టి పాలిథీన్ కవర్లో ఉంచుతున్నాను. కాలనీ లేత గోధుమరంగు, అంచు చిరిగిన గుడ్డలా ఉంటుంది. కడ్డీ ఆకారం, ఒక చివర ఉబ్బిన స్పోరు (గడ్డు పరిస్థితిని తట్టుకునే నిద్ర దశ), కెటలేజ్ పాజిటివ్ (హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే బుడగలు వస్తాయి). గ్రామ్ స్టెయిన్‌తోనే (కణం గోడను బట్టి బ్యాక్టీరియాను ఊదా, గులాబీ రంగులుగా విడదీసే పరీక్ష) తలనొప్పి: లేత కల్చర్ ఊదాగా, మర్నాటికి సగం గులాబీగా కనిపిస్తోంది.

బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జీన్‌ను 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో రెండు వైపులా చదివించాను. అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది పారాజియోబాసిల్లస్ థర్మోగ్లూకోసిడాసియస్ అనే వేడిని ఇష్టపడే బ్యాక్టీరియా, అదీ పోలిక 97.9 శాతమే. కల్తీ అనుమానంతో మళ్లీ ఒంటి కాలనీ నుంచి డీఎన్ఏ తీసి చేయించినా అదే వచ్చింది. పోలిక సుమారు 98.7 శాతం కన్నా తక్కువైతే వేరే జాతి కావచ్చంటారు కాబట్టి కొత్త జాతేమోనని ఆశ పుడుతోంది కానీ, పారాజియోబాసిల్లస్, దాని దగ్గరి బంధువుల గుంపులో 16ఎస్ ఒక్కదాన్నే నమ్మి పేరు పెట్టలేం. మొత్తం జీనోమ్ చదివించడానికి మా గైడ్ దగ్గర ప్రస్తుతం ఫండ్ లేదు.

ఈ గుంపు మీద పనిచేసినవాళ్లు చెప్పండి: ముందు రెక్‌ఎన్ జీన్ (ఈ గుంపులో దగ్గరి జాతులను విడదీయడానికి వాడే మరో జీన్) ఒక్కటి చదివిస్తే కొత్త జాతో కాదో తేలుతుందా, లేక ఫండ్ వచ్చేదాకా ఆగి నేరుగా జీనోమ్‌కే వెళ్లాలా?