చెరపకురా చెడేవు: చెరిగిపోయిన చాట్లకి ఈ సామెత కుదురుతుందా?

ప్రశ్న అడిగినవారు:

అందరికీ నమస్కారం. ప్లే స్టోర్ గుత్తాధిపత్యం విషయంలో గూగుల్ మీద వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ అమెరికాలో వేసిన దావా గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. కేసు నడుస్తున్నప్పుడు ఉద్యోగుల చాట్లు పోకుండా చూడాల్సిన కంపెనీ ఆ పని చేయలేదని జడ్జి తేల్చారు. దీన్ని అక్కడ స్పోలియేషన్ అంటారు. మన పత్రికల్లో ఇలాంటిదానికి 'సాక్ష్యాలను తారుమారు చేయడం' అని వస్తుంది. నాకు అది అతకడం లేదు. ఇక పోయిన ఆధారం పోగొట్టినవారికి వ్యతిరేకంగానే ఉండేదని కోర్టు తీసుకోవడాన్ని అడ్వర్స్ ఇన్ఫరెన్స్ అంటారు. దాన్ని 'ప్రతికూల అనుమానం' అని రాశాను, చదివితే అదేదో సందేహంలా ఉంది. శీర్షికగా 'చెరపకురా చెడేవు' పెట్టొచ్చా? సామెతని మరీ లాగుతున్నానా?

హైదరాబాద్ లాయర్:

సామెత పెట్టండి. ఎక్కడ పెడుతున్నారో చూసుకుని పెట్టండి, అంతే.

ముందు తారుమారు సంగతి. కాగితం మీద అంకె దిద్దితే, రక్తం శాంపిల్ మార్చేస్తే, వీడియోలో ముక్క కోసి అతికిస్తే అది తారుమారు. వస్తువు ఉంది కానీ అసలు ఉన్నట్టుగా లేదు. చాట్ 24 గంటలకి దానంతట అదే పోయిందనుకోండి, అక్కడ తారుమారైంది ఏముంది? అసలు వస్తువే లేదు. రెంటికీ ఒకే మాట వాడితే, అర్ధరాత్రి ఎవరో సర్వర్ గదిలో దూరారనే బొమ్మే పాఠకుడికి కనిపిస్తుంది. ఇలాంటి కేసుల్లో చాలావాటిలో ఎవరూ ఎక్కడా దూరరు. ఒక సెట్టింగ్ ఆపాల్సిన చోట ఆపరు.

స్పోలియేషన్‌కి మూలం లాటిన్. ఒలిచేయడం, కొల్లగొట్టడం అని అర్థం. ఇంగ్లీషు స్పాయిల్ కూడా ఆ కుటుంబంలోదే. మన 'చెరుపు' దానికి దగ్గరగా ఉండడమే కాదు, ఈ పనికి ఇంకా బాగా పనికొస్తుంది. చెడు అనే క్రియకి ప్రేరణ రూపం చెరుపు. పలక మీద అక్షరాలు చెరిపినా, ఒకరి బతుకు చెరిపినా క్రియ అదే. సామెతలో ఒకే క్రియ రెండుసార్లు వస్తుంది చూడండి: ఎదుటివాడికి చేస్తే చెరపడం, తనకి జరిగితే చెడడం. కోర్టు చేసేదీ అదే. నువ్వు ఆధారానికి ఏం చేశావో నీ కేసుకి అదే అవుతుంది అంటుంది.

దీనికి లాయర్లందరం చదువుకునే పాత కేసు ఒకటుంది. లండన్, 1722. పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాడికి రాళ్లు పొదిగిన నగ ఒకటి దొరికింది. వెల కట్టించుకుందామని కంసాలి కొట్టుకి తీసుకెళ్లాడు. అక్కడి పనివాడు తూకం చూసే నెపంతో రాళ్లు ఊడదీశాడు. యజమాని మూడు అర పెన్నీలు ఇస్తానన్నాడు. కుర్రాడు ఒప్పుకోక నగ తిరిగి ఇమ్మంటే రాళ్లు లేని ఉత్త గూడు చేతిలో పెట్టారు. కోర్టులో పెద్ద చిక్కు వచ్చింది: రాయే లేనప్పుడు దాని విలువ ఎలా కట్టాలి? చీఫ్ జస్టిస్ ప్రాట్ జ్యూరీకి ఏం చెప్పారంటే, కంసాలి ఆ రాయి తెచ్చి అది నాసిరకమని చూపిస్తే సరే, చూపించకపోతే ఆ గూట్లో పట్టే రాళ్లలోకెల్లా మేలైనదాని వెల కట్టండి అని. ఆర్మరీ వర్సెస్ డెలమీరీ అంటారు ఆ కేసుని. నేటి ఈమెయిల్ కేసులన్నిటికీ తర్కం ఇదే. ఆధారం కనబడకుండా చేసినవాడికి, అది కనబడకపోవడం వల్ల లాభం రాకూడదు.

అందుకే 'ప్రతికూల అనుమానం' వద్దు. తర్కశాస్త్రంలో అనుమానం అంటే ఊహించి తేల్చడమే, కాదనను. కానీ ఇవాళ తెలుగులో అనుమానం అంటే డౌటే. జడ్జి డౌటు పడడం లేదు, అది వాళ్లకి వ్యతిరేకమైనదే అయ్యుంటుందని తీసుకుంటున్నారు. 'వ్యతిరేకంగా ఉండేదని భావించవచ్చు' అని వాక్యంగానే రాసేయండి. ఒక్క మాటలో ఇరికించాల్సిన అవసరం లేదు.

తెలుగు మాస్టారు:

చెరుపు విషయం బాగా చెప్పారు లాయర్ గారూ. పాత రాతలో బండి ఱ తో చెఱుపు, చెఱుచు. అయితే నాకో సందేహం. చెరపడం అంటే చేతులారా చేసిన పని. మీరే అన్నారు, చాలాసార్లు ఎవరూ చేయరు, అదే పోతుంది అని. దానికి చెరపడం ఎలా అవుతుంది? పోగొట్టడం అంటే సరిపోదా?

ఇంకొకటి. ప్రశ్న అడిగినవారు తమ వ్యాసంలో ఎక్కడైనా 'దాచాలి' అని రాసి ఉంటే ఒకసారి చూసుకోండి. మన దాచుకి రెండు ముఖాలున్నాయి. డబ్బు దాచాడు అంటే భద్రపరిచాడు. నిజం దాచాడు అంటే కప్పిపెట్టాడు. 'కంపెనీ ఈమెయిళ్లు దాచింది' అని రాస్తే మెచ్చుకున్నారో తిట్టారో ఎవరికీ తెలియదు. కోర్టు వార్తలో అది ప్రమాదం. మా వైపు అట్టిపెట్టడం అంటాం. 'ఆ రసీదు అట్టిపెట్టు, ఎప్పుడైనా పనికొస్తుంది' అంటాం. ఇక్కడ కావాల్సిన అర్థం సరిగ్గా అదే.

హైదరాబాద్ లాయర్:

అట్టిపెట్టడం! మాస్టారూ, ఈ మాట ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో. ఇకనుంచి నా క్లయింట్లకి రాసే ఉత్తరాల్లో వాడతాను.

పోగొట్టడం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. 'తాళంచెవి పోగొట్టాడు' అంటే పరధ్యానం. 'మచ్చ పోగొట్టింది' అంటే కావాలని తీసేయడం. ఆ రెంటి మధ్య తేడా మీదే అమెరికా రూలు మొత్తం నిలబడి ఉంది. అక్కడి ఫెడరల్ సివిల్ రూల్స్‌లో 37(ఇ) అని ఉంది, 2015 డిసెంబర్ 1న కొత్త రూపంలో అమల్లోకి వచ్చింది. నేను దాన్ని తెలుగు క్రియల్లో ఇలా చదువుకుంటాను.

పోయింది. తగిన జాగ్రత్తలు తీసుకున్నా పోయింది, లేదా ఇక్కడ పోయినా అవతలివారి ఇన్‌బాక్స్‌లో దొరికింది. అప్పుడు ఈ రూలు కింద శిక్ష లేదు.

పోనిచ్చారు. కేసు వస్తుందని తెలిసీ తగిన జాగ్రత్త తీసుకోలేదు, ఇంకెక్కడా దొరకడం లేదు, దానివల్ల ఎదుటివారికి నష్టం జరిగింది. అప్పుడు ఆ నష్టం పూడ్చడానికి ఎంత కావాలో అంతే, అంతకు మించి చర్య ఉండదు. ఖర్చులు కట్టమనొచ్చు, ఏం జరిగిందో జ్యూరీకి చెప్పనివ్వొచ్చు.

దక్కకుండా చేశారు. ఎదుటివారికి ఆ సమాచారం కోర్టులో పనికిరాకూడదన్న ఉద్దేశంతోనే పోయేలా చేశారు. ఇది తేలితేనే పెద్ద శిక్షలు: అందులో ఉన్నది వీళ్లకి వ్యతిరేకమే అని జడ్జి తీసుకోవచ్చు, అలా తీసుకోమని జ్యూరీకి చెప్పొచ్చు, దావానే కొట్టేయొచ్చు, లేదా ఏకంగా అవతలివారికే తీర్పు ఇచ్చేయొచ్చు.

2015కి ముందు కొన్ని అమెరికా కోర్టుల్లో నిర్లక్ష్యం ఉంటే చాలు, పెద్ద శిక్ష పడేది. దాంతో కంపెనీలు భయపడి చెత్తంతా పోగేసుకునేవి. అందుకే రూలు మార్చారు. నాకైతే ఈ మార్పు న్యాయంగానే అనిపిస్తుంది. పోనిచ్చినవాడినీ చెరిపినవాడినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇక మీ గూగుల్ కేసు. ఇది సరిగ్గా 'పోనిచ్చారు', 'దక్కకుండా చేశారు' అనే రెండు మెట్ల మధ్య పడుతుంది. చాట్‌లో హిస్టరీ ఆఫ్‌లో ఉంటే 24 గంటలకి మెసేజ్ పోతుంది. కేసు వచ్చాక కూడా దాన్ని అందరికీ ఒకేసారి ఆన్ చేయకుండా, ఏది ఉంచాలో ఏది అక్కర్లేదో ఉద్యోగుల ఇష్టానికి వదిలేశారు. పైకి చూస్తే పోనివ్వడమే. కానీ 2023 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కో జడ్జి జేమ్స్ డొనాటో విచారణ జరిపి, ఇది ఎదుటివారికి దక్కకుండా చేయాలన్న ఉద్దేశంతోనే జరిగిందని తేల్చారు. పోయిన చాట్లు గూగుల్‌కి వ్యతిరేకంగా ఉండేవని మీరు భావించవచ్చు అని విచారణ చివర్లో జ్యూరీకి చెప్పారు. 'భావించవచ్చు' అన్నారు, 'భావించాలి' అనలేదు. అది తప్పకుండా రాయండి. డిసెంబర్ 11న జ్యూరీ ఎపిక్ వైపు తీర్పు ఇచ్చింది.

ఇదే చాట్ అలవాటు మీద ఇంకో జడ్జి ఇంకోలా ఆగారు. సెర్చ్ గుత్తాధిపత్యం కేసులో అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పిస్తూ గూగుల్‌ని గట్టిగానే మందలించారు, శిక్ష మాత్రం వేయలేదు. ఏది అట్టిపెట్టాలో తేల్చే బరువు ఉద్యోగుల నెత్తిన పెట్టే కంపెనీ ఆ పని తన ప్రమాదం మీదే చేస్తోందని హెచ్చరించి వదిలారు. మొదటి వార్తకి సామెత శీర్షిక అతుకుతుంది. రెండోదానికి అతకదు.

డాలస్ నుంచి ఒకరు:

ఇది చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చేసింది. మా ఆఫీసులో 'లీగల్ హోల్డ్' అని ఒక మెయిల్ వచ్చింది. 'మీరేమీ చేయాల్సిన పని లేదు, ఫలానా ప్రాజెక్ట్‌కి సంబంధించినవి డిలీట్ చేయకండి' అని ఉంది. మా టీమ్‌లో సగంమంది తెలుగువాళ్లమే, మా మాటలన్నీ వాట్సాప్‌లోనే. మెసేజ్‌లు 7 రోజులకి పోయేలా ఎప్పుడో పెట్టుకున్నాం. అది కూడా ఇందులోకి వస్తుందా మేడమ్? హోల్డ్‌కి తెలుగు మాట ఏమిటో గానీ, నాకు దాని అర్థం కావాలి.

హైదరాబాద్ లాయర్:

టెన్షన్ పడకండి తమ్ముడూ, కానీ ఆ వాట్సాప్ సెట్టింగ్ ఇప్పుడే ఆఫ్ చేయండి. ఆ ప్రాజెక్ట్ పనిమాటలు అందులో మాట్లాడుకుని ఉంటే, ఫోన్ సొంతదా ఆఫీసుదా అన్నది మీరు తేల్చుకోవాల్సిన విషయం కాదు. నోటీసు పంపిన లీగల్ వాళ్లకి 'మేం వాట్సాప్ కూడా వాడాం' అని ఒక ముక్క రాసి పెట్టండి. ఫోన్ మార్చబోతుంటే ముందు వాళ్లని అడగండి. భయపడి పాతవి తీసేయడం మాత్రం వద్దే వద్దు. అప్పటిదాకా పోనివ్వడంగా ఉన్నది ఆ ఒక్క నిమిషంలో చెరపడం అయిపోతుంది.

నోటీసు పంపితే లాయర్ పని అయిపోదు కూడా. యూబీఎస్ వార్‌బర్గ్ మీద లారా జుబులేక్ అనే ఉద్యోగిని వేసిన లింగవివక్ష దావాలో జడ్జి షైరా షైండ్లిన్ 2004లో ఇదే చెప్పారు: చెరపొద్దని చెప్పి ఊరుకుంటే చాలదు, జనం విన్నారో లేదో లాయర్లు వెంటబడి చూడాలి. అక్కడ ఈమెయిళ్లు తీసేయొద్దని చెప్పినా కొందరు తీసేశారు. అవి కంపెనీకి వ్యతిరేకమని తీసుకోవచ్చని జ్యూరీకి చెప్పారు. 2005లో జ్యూరీ ఆమెకి 2.9 కోట్ల డాలర్ల పైచిలుకు ఇప్పించింది.

హోల్డ్‌కి మాట అంటారా, 'చెరపవద్దు నోటీసు' అనేయండి. చూడగానే ఏం చేయకూడదో తెలుస్తుంది.

తెలుగు మాస్టారు:

మన దగ్గర ఇలాంటిది లేదా?

హైదరాబాద్ లాయర్:

37(ఇ) లాంటి వివరమైన రూలు లేదు మాస్టారూ. కానీ అదే తర్కం 1872 సాక్ష్య చట్టంలోనే ఉంది, సెక్షన్ 114 ఉదాహరణ (జి). తేగలిగి ఉండీ తేని సాక్ష్యం, తెస్తే తేనివారికే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు భావించవచ్చు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో అది సెక్షన్ 119కి మారింది. వారణాసి హోటల్లో ఒక ఇటలీ టూరిస్టు చనిపోయిన కేసు గుర్తుండే ఉంటుంది. హోటల్లో సీసీటీవీ ఉంది, ఆ ఫుటేజీ కోర్టుకి రాలేదు. 2015లో సుప్రీంకోర్టు ఈ 114(జి)నే చూపించి, దాన్ని తేకపోవడం పోలీసుల కథనాన్ని దెబ్బతీస్తుందని చెప్పి, జీవితఖైదు పడిన ఇద్దరినీ విడుదల చేసింది. పోలీస్ స్టేషన్లలో సీసీటీవీ రికార్డింగ్ 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది అట్టిపెట్టాలని 2020 డిసెంబర్‌లో అదే కోర్టు ఆదేశించింది కూడా. 'ఫుటేజీ ఓవర్‌రైట్ అయిపోయింది' అని మన పోలీసు కేసుల్లో ఎంత తేలిగ్గా వస్తుందో చూసినప్పుడల్లా నాకు మనసు మండుతుంది. ఆ వాక్యంలో కర్త ఉండడు. ఎవరు పోనిచ్చారు అని జడ్జి అడిగేదాకా ఉండడు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఆ పేరా ఇలా మార్చాను, చూసి చెప్పండి: 'చాట్లు అట్టిపెట్టాల్సిన గూగుల్ వాటిని పోనిచ్చిందని, ఎపిక్‌కి అవి దక్కకూడదన్న ఉద్దేశంతోనే అలా చేసిందని జడ్జి తేల్చారు. పోయిన చాట్లలో ఉన్నది గూగుల్‌కి వ్యతిరేకమని భావించవచ్చని జ్యూరీకి చెప్పారు.' తారుమారు తీసేశాను. శీర్షిక సామెతే.

తెలుగు మాస్టారు:

'ఉన్నది' బదులు 'ఉండేది' అని పెట్టండి. ఏముందో ఎవరూ చూడలేదు కదా. మిగతాదంతా బాగుంది.